పరిశుద్ధాత్మకును మాకును తోచెను: సంఘం తన రేపటిని వెదికే విధం

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో అయ్యగారు చదివే వాగ్దాన వచనం కోసం విశాఖపట్నంలోని విశ్వాసులు, పాత ఊరి నుండి గాజువాక వరకు, ఎంత ఆశతో ఎదురుచూస్తారో మనకు తెలుసు. ఆ వచనం క్యాలెండరు మీద అచ్చయి ఏడాది పొడవునా ఇంటి గోడ మీద నిలుస్తుంది. అది మంచి అలవాటే. అయితే సంఘం రాబోయే కాలంలో ఎటు నడవాలి, ఎవరి మధ్య పరిచర్య చేయాలి, దేనిని మానుకోవాలి అనే ప్రశ్నలకు జవాబు ఒకరు చదవగా మిగిలినవారు ఆమేన్ చెప్పడంతో దొరికేది కాదు. అది అందరూ కలిసి కనిపెట్టవలసినదని అపొస్తలుల కార్యములు పదిహేనవ అధ్యాయం చూపిస్తుంది.

సున్నతి పొందితేనే రక్షణ అని యూదయ నుండి వచ్చిన కొందరు అంతియొకయలో బోధించడంతో వివాదం పుట్టి, పౌలు, బర్నబా, మరికొందరు యెరూషలేముకు వెళ్లారు. అక్కడ కూడిన అపొస్తలుల, పెద్దల ముందున్నది పైకి ఆచారానికి సంబంధించిన ప్రశ్నే అయినా, లోపల అది సంఘం ఇక మీదట ఎవరిది అవుతుందన్న ప్రశ్న. బహు తర్కం జరిగిందని లూకా దాచకుండా వ్రాశాడు. మన జనరల్ బాడీ సమావేశాలలో నాలుగు గొంతులు లేవగానే ప్రార్థన చేసి ముగించే తొందర మనకుంది. సమాధానం కోసమే అలా చేస్తున్నామని అనుకుంటాము గాని, అందులో ఎక్కువ పాలు భయమేనని నా అభిప్రాయం. యెరూషలేములో ఆ తర్కం ముగిసిన తరువాతనే పేతురు లేచి, అన్యజనుల, అంటే యూదులు కానివారి, హృదయాలను దేవుడు విశ్వాసం వలన పవిత్రపరచడం తాను చూచిన సంగతిని జ్ఞాపకం చేశాడు. అప్పుడు జనసమూహమంతా ఊరకుండి బర్నబా, పౌలు చెప్పినది ఆలకించింది. చివరకు యాకోబు, పడిపోయిన దావీదు గుడారాన్ని తిరిగి కట్టుదునన్న ఆమోసు ప్రవచనాన్ని ఆ సాక్ష్యాల ప్రక్కన పెట్టి, ఇవి ఒకదానితో ఒకటి సరిపడుతున్నాయని, కాబట్టి దేవునివైపు తిరిగే అన్యజనులను కష్టపెట్టకూడదని చెప్పాడు.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఒకటుంది. పేతురు గాని, బర్నబా గాని, పౌలు గాని ముందుగా సిద్ధం చేసుకున్న ప్రణాళికను ఆ సభ ముందు పెట్టలేదు. దేవుడు అప్పటికే ఏమి చేశాడో చెప్పడానికి వచ్చారు. కాబట్టి మన సంఘాలు కూడా మనమేమి చేద్దాం అని అడగడానికి ముందు, మన మధ్య మనం గమనించని చోట దేవుడు ఏమి చేస్తున్నాడని అడగాలి. పాడేరు, అరకు ప్రాంతాల నుండి చదువు కోసం నగరానికి వచ్చి అద్దె గదుల్లో ఉంటూ వెనుక బెంచీలో కూర్చొని వెళ్లిపోయే యవనస్థులు, పిల్లలు బెంగళూరులోనో విదేశాల్లోనో స్థిరపడగా ఒంటరిగా మిగిలిన తల్లిదండ్రులు, మధురవాడ వైపు ఇళ్లు మారినా పాత ఊరి మందిరానికే రెండు బస్సులు మారి వచ్చే కుటుంబాలు, వీరందరి దగ్గర చెప్పడానికి సాక్ష్యం ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని కుదిపివేసిన తరువాత, కరెంటు, నీళ్లు లేని ఆ రోజుల్లో ఎవరు ఎవరి తలుపు తట్టారో పెద్దలను అడిగితే, సంఘం నిజంగా ఏమిటో ఏ నివేదికకన్నా స్పష్టంగా తెలుస్తుంది.

కొత్త మందిరం నమూనా గురించి చర్చించిన ఒక సమావేశంలో నేను కూర్చున్నాను. కింద వాహనాలకు చోటు, మేడ మీద ఆరాధన అని గీసిన పటాన్ని గోడకు అంటించారు. ఏసీల గురించి, చందాల గురించి చాలాసేపు మాటలు నడిచాయి. ఫిషింగ్ హార్బరులో తెల్లవారుజామున చేపలు కొని గంపతో వీధులు తిరిగే ఒక పెద్దామె లేచి, పటం దగ్గరకు నడిచి, మెట్లు గీసిన చోట వేలు పెట్టి, "మెట్లెక్కలేనోలం మేం ఏటి చెయ్యాలండి అయ్యగారూ?" అని అడిగింది. పితరులైనా మనమైనా మోయలేని కాడిని శిష్యుల మెడమీద ఎందుకు పెడుతున్నారని పేతురు అడిగిన మాట అక్కడ నాకు జ్ఞాపకం వచ్చింది. ఆ రోజు నిర్ణయం ఆపి, పెద్దలు ఇద్దరిద్దరుగా ఇంటింటికీ వెళ్లి వినాలని తీర్మానించారు. ఆ మందిరం ఇంకా కట్టలేదు, కాని ఇప్పుడు పటంలో ఆరాధన స్థలం నేల మీద ఉంది.

ఆలస్యమైతే సంఘం నడవవలసిన దారిని గూర్చిన దర్శనం పోయినట్లేనని కొందరు కలవరపడతారు. హబక్కూకు ప్రవక్తతో దేవుడు, దర్శన విషయాన్ని పలక మీద స్పష్టంగా వ్రాయమని చెబుతూనే, అది ఆలస్యముగా వచ్చినను దానికొరకు కనిపెట్టుమని, అంటే ఎదురుచూడమని, సెలవిచ్చాడు. ఈ ఊరికి ఆ మాట కొత్త కాదు. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ దె గ్రాంజ్ తెలుగు నేర్చుకొని, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ విశ్వాసి సహాయంతో సువార్తలను తెలుగులోకి తెచ్చే పనికి పూనుకున్నారు. క్రాన్ 1809లో, దె గ్రాంజ్ 1810లో కన్నుమూశారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు బెంగాలులోని శ్రీరాంపురంలో అచ్చయినది 1812లో. అచ్చు పుస్తకం చూడకుండానే వారు వెళ్లిపోయారు, పని మాత్రం ఆగలేదు. ఒక అయ్యగారి బదిలీతో, ఒక కమిటీ పదవీకాలంతో ముగిసిపోయేదానిని సంఘ దర్శనమని పిలవడానికి నాకు మనసొప్పదు.

కలిసి కనిపెట్టినంత మాత్రాన అన్ని భేదాలూ తీరవు. అదే అధ్యాయం చివర మార్కును వెంట తీసుకొని వెళ్లే విషయమై పౌలు, బర్నబా వేరైపోయారు. అయినా "పరిశుద్ధాత్మకును మాకును తోచెను" అని వ్రాసి యెరూషలేము సభ పంపిన పత్రికను అంతియొకయ విశ్వాసులు చదువుకొని ఆదరణ పొంది సంతోషించారు. ఆ నిర్ణయం ఎవరి బ్రతుకును తాకిందో వారే దానిని విని సంతోషించారు. అందువలన మన దర్శన పత్రం ఏదైనా సమావేశంలో ఆమోదానికి రాకముందే గృహ కూటాల్లో గట్టిగా చదవబడాలి. చదువు రానివారికి చదివి వినిపించాలి, ఏజెన్సీ నుండి వచ్చిన పిల్లల గదుల్లో చదవాలి, మంచం పట్టిన పెద్దల దగ్గర కూర్చొని చదవాలి. వారు చెప్పినదాన్ని అదే కాగితం అంచున వ్రాసుకొని వచ్చిన తరువాతనే ఆమోదం కోసం చేతులెత్తమని అడగాలి.