తాతగారి నాయనమ్మ

ఆదివారం. వంట పని తెమిలాక ఇనప్పెట్టె దించి తద్దినం కాగితాలు ఓ పక్క, దస్తావేజులు ఓ పక్క పేర్చేసరికి పొద్దు వాలింది. వెతుకుతున్నది తాతగారి నాయనమ్మని. వంశవృక్షంలో ఆవిడ చోట 'భార్య' అని మాత్రం ఉంది. అది గీసిన పెద్దలకి ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి సిరా అయిపోయేది కాబోలు.

పేరు తద్దినం కాగితంలో ఉంది. తర్పణం జాబితాలో తండ్రి, తాత, ముత్తాతల తర్వాత తల్లి, నాయనమ్మ, ఆవిడ అత్తగారు వరసగా వస్తారు. అయితే మూడు తరాలే. తద్దినం పెట్టే కర్త మారేకొద్దీ పైపేరు జారిపోతుంది కనుక తాతగారి చేతిరాత జాబితానే చూడాలి. అందులోనూ ఆవిడకి గోత్రం అత్తవారిదే, పుట్టింటి ఊసుండదు. అది కావాలంటే ఆవిడ కొడుకు జాబితా సంపాదించాలి. అక్కడ మాతామహుల వరసలో ఆవిడ తండ్రి, తాత, ముత్తాత పుట్టింటి గోత్రంతో సహా ఉంటారు. ఆ ఒక్క కాగితం దొరికితే సగం పని అయినట్టే.

ఇక దస్తావేజులు. పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలానికి చాలాసార్లు కాగితమే ఉండదు, నోటిమాటే. అప్పుడు ఆవిడ పక్క చేనువాళ్ళ హద్దుల్లో తేలుతుంది: 'తూర్పు: ఫలానావారి భార్య పసుపు కుంకుమ భూమి' అని. పక్కవాళ్ళని కాగితాలు అడగడానికి మొహమాటపడితే ఈ పని సాగదు.

ఆవిడ స్వయంగా దస్తావేజుకెక్కేది ఎక్కువగా భర్త పోయాకే, 'మైనరు తరఫున తల్లి, గార్డియన్' అని. ఇవాళ చేతికొచ్చినది అలాంటిదే. అడుగున సంతకం లేదు, వంకర గీత ఒకటి నిశానీగా. పక్కన పేరు దస్తూరీ రాసినవాడు పెట్టింది కనుక అక్షరాలు అతనివి. ఇంట్లో పిలిచే పేరుతో కలవకపోవచ్చు. మనవరాలికీ నాయనమ్మ పేరే పెట్టేవారు, కాబట్టి భర్త పేరు సరిపోతే తప్ప ఆవిడేనని తేల్చకూడదు.

తేదీ 'ధాత మాఘ బహుళ పంచమి'. ధాత అనగానే 1876 వేసేస్తే పొరపాటు. ఉగాదితో సంవత్సరం మారుతుంది, మాఘం చివర్లో వస్తుంది, కనుక ఇది 1877 ఫిబ్రవరి తొలివారం. అరవయ్యేళ్ళకి మళ్ళీ 1936-37లోనూ ధాతే. స్టాంపు మీద విక్టోరియా రాణి బొమ్మ ఉంది, ఆ సందేహం తీరింది. బొమ్మ చెరిగిపోయిన చోట తిథికి వారం కుదిరిందో లేదో పాత పంచాంగంతో సరిచూసుకోవాలి. రాయలసీమ వాళ్ళు ధాత కరువనేది ఆ ఏటిదే. కరువు రోజుల్లో విధవరాలు మైనరు పొలం అమ్మిందంటే కారణం దస్తావేజులో రాయకపోయినా ఊహించవచ్చు.

రేపు రిజిస్ట్రారాఫీసులో నకలుకి దరఖాస్తు. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకానికి సూచికలు రెండు: మొదటిది రాసిచ్చినవాళ్ళ, రాయించుకున్నవాళ్ళ పేర్లతో, రెండోది ఆస్తితో. ఆవిడ పేరుతోపాటు కొడుకు పేరుతోనూ వెతికించాలి. ఆ రోజుల్లో నూరు రూపాయల లోపు అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అలాంటివి అక్కడ దొరక్కపోవచ్చు. పొలానికి పాత సర్వేలో ఇచ్చిన డి. నంబరు రీసర్వే తర్వాత ఆర్.ఎస్. నంబరుగా మారింది. దరఖాస్తులో రెండూ రాయాలి, లేకపోతే గుమాస్తా వేరే చేను చూసి 'లేదు' అంటాడు.