పర్లాకిమిడిలో పైకి చదివిన కథ

ప్రయాణానికి బట్టలు సర్దుకోవడం నాకు పది నిమిషాల పని. పుస్తకాలు సర్దడానికే ఒక పూట పడుతుంది. సగంలో ఉన్నది ఒకటి, అది విసుగు పుట్టిస్తే మార్చుకోవడానికి ఒకటి, పక్క సీటువాళ్ళు చూస్తే గౌరవంగా ఉంటుందని ఇంకొకటి. ఆ మూడోదాన్ని ఇంతవరకు ఏ రైల్లోనూ తెరిచిన పాపాన పోలేదు.

పుస్తకాల గురించి రాసే అలవాటు మొదలయ్యాక నా చదువుకు లెక్కలు వచ్చిపడ్డాయి. పోయిన ఏడాది 84 పుస్తకాలు. యాభై పేజీల్లోపు పట్టుకోకపోతే వదిలేస్తాను. ముందుమాటలు చివర చదువుతాను, వాటిలో సగం కథ చెప్పేస్తారు కాబట్టి. ఆత్మకథలు, ఉత్తరాలు, పాత వంటల పుస్తకాలు ఉంటే అన్నం సంగతి కూడా గుర్తుండదు. తెలియని మాట ఎదురైతే సందర్భాన్ని బట్టి ఊహించుకుని ముందుకు పోతాను. నిఘంటువు దగ్గర పెట్టుకుని చదవండని పదిమందికి రాసినదాన్ని కూడా నేనే.

డిసెంబరులో స్నేహితురాలు వాళ్ళ పెద్దమ్మ ఇంటికి, ఆంధ్ర సరిహద్దు దాటగానే ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి వెళ్తూ నన్నూ రమ్మంది. విశాఖలో గుణుపురం ప్యాసింజరు ఎక్కాం. ఈ దారిలో మొదట నడిచింది పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా, 1931 నాటికి గుణుపురం దాకా. 2004లో దాన్ని ఆపి పెద్ద పట్టాలు వేశారు. నౌపడ దాటి టెక్కలి వచ్చేదాకా నేను తల ఎత్తలేదు. ఒడిలో ఉన్నది ఉత్తరాంధ్ర కథల సంకలనం. రెండేళ్ళ కిందట చదివి, మెచ్చుకుంటూ మూడు పేరాలు రాసి, ఎందుకో మళ్ళీ తీసిన పుస్తకం.

పాతపట్నంలో బోర్డు మీద తెలుగు ఉంది. కాసేపటికి పర్లాకిమిడిలో దిగితే అక్షరాలన్నీ గొడుగులు వేసుకుని నిలబడ్డాయి. ఒడియా అక్షరం తల మీద ఉండే ఆ వంపు నాకు ఎప్పుడూ గొడుగులాగే కనిపిస్తుంది. బోర్డు నాకు చదవరాదు, కానీ దాని కింద జీడిపప్పు అమ్మే మనిషి బేరం తెలుగులోనే ఆడుతున్నాడు.

పెద్దమ్మగారికి డెబ్బై దాటాయి. వంటింటి గుమ్మం పక్క మేకుకు ఒక పచారీ పుస్తకం వేలాడుతోంది. ఏ లిపి కనపడినా తిప్పి చూసే జబ్బు నాది. అన్నీ గొడుగులే. ఒక్క ముక్క అర్థం కాక, "ఒడియాలో రాసుకుంటారా పెద్దమ్మగారూ?" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని వేలితో చూపిస్తూ చదివారు. "కందిపప్పు రెండు కిలోలు. చోడిపిండి ఒకటి. ఇంగువ. పాలవాడికి బాకీ." చివర మాత్రం కాస్త నవ్వారు. "బళ్ళో ఒడియానే నేర్పారమ్మా. తెలుగు అక్షరాలు ఎవరు నేర్పుతారు? అందుకని తెలుగును ఆ అక్షరాల్లోనే పెట్టుకున్నాను."

ఏడాదికి ఎనభై పుస్తకాలు చదివే నేను పప్పూ ఇంగువా చదవలేక నిలబడ్డాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ నా పుస్తకం చేతిలోకి తీసుకుని అట్ట నిమిరి, తిరిగి ఇచ్చేశారు. "ఏదైనా ఒకటి చదువు. వింటాను." స్నేహితురాలు అప్పటికే నిద్రపోయింది. నేను ఆఖరిసారి పైకి చదివింది ఆరో తరగతిలోనేమో, అదీ టీచరు బెత్తం ఎదురుగా. మొదటి పేజీ పరుగెత్తించాను.

"ఎవరు తరుముతున్నారమ్మా?" అన్నారు.

నెమ్మదించాను. రెండో పేజీలో బుగత అనే మాట వచ్చింది. చదివి సాగిపోతుంటే ఆవిడ ఆపి, "అయితే వీడు ఆ బుగత దగ్గర కంబారిగా ఉన్నాడన్నమాట" అన్నారు. అసలు సంగతి ఏమిటంటే, రెండేళ్ళ కిందట నేను బుగతను ఏదో ఇంటిపేరు అనుకుని చదివేశాను. భూమి ఉన్న ఆసామి అట. కంబారి అంటే ఏడాది జీతానికి కుదిరిన పాలేరు. ఇంటిపేరు కాస్తా ఆసామి అయ్యేసరికి కథ నా చేతుల్లోనే అడ్డం తిరిగింది. ఇద్దరు చుట్టాల తగాదా అనుకున్నది కాస్తా యజమానికీ జీతగాడికీ మధ్య నడుస్తున్న లెక్క అని తేలింది.

మూడో పేజీలో కంబారి పెళ్ళాం "సరేలెండి" అంటుంది. పెద్దమ్మగారు మళ్ళీ చెయ్యి ఎత్తారు. "కోపంగా అందా, ఏడుస్తూ అందా?" నాకు తెలియదు. కళ్ళతో చదివేటప్పుడు ఆ ప్రశ్నే పుట్టలేదు. గొంతుతో చదవాలంటే ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. రెండు విధాలా చదివి చూపించాను. ఆవిడ రెండింటికీ తల అడ్డంగా ఊపి, "అలా కాదు, అలిసిపోయి అంది" అన్నారు. అలాగే చదివాను. ఈ కథ గురించి రాసిన మూడు పేరాల్లో సంభాషణలు సహజంగా ఉన్నాయని పొగిడానని అప్పుడు గుర్తొచ్చి ఒళ్ళు చల్లబడింది. గంటకు ఆరు పేజీలు అయ్యాయి.

సాయంత్రం రాజావారి కోటను బయటి నుంచే చూసి మహేంద్రతనయ నది వైపు నడిచాం. ఈ ఊరు రావాలని నాకున్న కోరికకు అసలు కారణం గిడుగు రామమూర్తి. 1880లో ముప్పై రూపాయల జీతానికి రాజావారి బడిలో చరిత్ర చెప్పడానికి చేరిన మనిషి. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడింది ఇక్కడి నుంచే. కొండల్లో తిరిగి అక్కడి గిరిజనులు మాట్లాడే సవర భాష నేర్చుకున్నారు. ఆ తిరుగుళ్ళలో మలేరియా పట్టుకుంది, దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. నోటిమాట కోసం అంతగా కొట్లాడిన మనిషికి మాట వినబడకుండా పోవడం ఎంత అన్యాయమో! 1936లో ఈ ఊరిని ఒడిశాలో కలపడం ఇష్టంలేక, కొత్త రాష్ట్రం ప్రారంభమయ్యే రోజు ఉదయమే ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివి కంఠస్థం చేసినవే. చెబితే పెద్దమ్మగారు విని, "ఆయన వెళ్ళిపోయారు సరే, మేం ఉండిపోయాం కదా" అన్నారు, ఫిర్యాదేమీ లేకుండా.

బజారులో కొమ్ముతో చేసిన వస్తువులు ఈ ఊరి ప్రత్యేకత. కొంగలు, చేపలు బాగున్నాయి కానీ నేను కొన్నది పళ్ళు సన్నగా ఉన్న నల్లటి దువ్వెన. తల దువ్వుకోవడానికి కాదు, పేజీకి గుర్తుగా పెట్టుకోవడానికి. పేజీ మూల మడిచేవాళ్ళను నేను స్నేహితుల్లో లెక్కపెట్టను.

మర్నాడు రైలు వేళకు కథ ఇంకా సగంలోనే ఉంది. పుస్తకం ఇక్కడే వదిలి వెళ్తానంటే ఆవిడ ఒప్పుకోలేదు. "నా దగ్గరుంటే ఎవరు చదువుతారు? నీ దగ్గరే ఉంచు, ఫోను చేసి చదువు."

అప్పటి నుంచి ఆదివారాలు నాలుగు గంటలకు ఫోను చేస్తున్నాను. ఇది మార్చి నెల. ఈ ఏడాది నా లెక్క ఇంకా ఐదు పుస్తకాల దగ్గరే ఉంది, ఆ సంకలనంలో రెండో కథ కూడా మొదలవలేదు. మొన్న చదువుతుంటే అవతల కుక్కరు కూత వేసింది. "ఆగు, దించి వస్తాను" అని వెళ్ళారు, అంతలో ఎవరో చుట్టాలు వచ్చారు. దువ్వెన 31వ పేజీలో ఉంది. కంబారి జీతం అడగడానికి వచ్చి బుగత అరుగు కింద ఇంకా నిలబడే ఉన్నాడు.