ముగ్గుపిండి రాలినట్టు

గుంటూరులోని ఒక ఆస్పత్రిలో పద్నాలుగేళ్లుగా మామోగ్రఫీ (రొమ్ము ఎక్స్‌రే) టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచేందుకు పెట్టుకుని, మూడు నెలలకోసారి పంపవలసిన టీఎల్‌డీ బ్యాడ్జిని ఎన్నడూ మరచిపోలేదు, మిషన్‌కు చేయవలసిన ఫాంటమ్ అనే నాణ్యతా పరీక్షను వాయిదా వేయలేదు. అయినా నలభైయేడేళ్లు వచ్చేవరకు ఆ మిషన్ ముందు నేను ఒక్కసారీ నిలబడలేదు.

తీరిక లేదని అందరితో అనేదాన్ని. రోజూ పక్కన కూర్చుని అన్నం తినేవాళ్లే నా రొమ్మును పట్టి సర్దడం, నా చిత్రాలను వాళ్లే తెర మీద చూడడం ఇష్టం లేకపోవడమే అసలు కారణం. తెలియనివారికి నచ్చజెప్పడం మాకు వచ్చు గాని, తెలిసీ సిగ్గుపడేవారి గురించి మా విభాగంలో ఎవరమూ మాట్లాడుకోలేదు.

ఒకనాడు పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, "నొప్పి ఉంటుందా అమ్మా? నీకు చేసినప్పుడు ఎట్లా ఉంది?" అని అడిగితే, "నొప్పేమీ తెలియదమ్మా" అని అబద్ధమాడాను. ఆ మాట రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. మూడోనాడు డ్యూటీ అయ్యాక మా జూనియర్ అమ్మాయిని అడిగాను.

"అక్కా, ఊపిరి బిగబట్టండి" అంది. ఎడమవైపు ఏటవాలుగా తీసిన చిత్రంలో, చంకకు దగ్గరగా, వేళ్ల సందున ముగ్గుపిండి రాలినట్టు ఒకేచోట గుమిగూడిన సున్నపు రేణువులు కనిపించాయి. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. ఎందరి వెనకో నిలబడి నేనూ అలాగే మౌనంగా ఉన్నాను కనుక ఆ మౌనం నాకు అర్థమైంది.

రిపోర్టులో బైరాడ్స్ 4, అంటే క్యాన్సర్ అనుమానం ఉందని వచ్చింది. బయాప్సీలో క్యాన్సర్ తేలింది. చేతికి తగలనంత చిన్నది, హార్మోన్లకు స్పందించేది. గడ్డ ఉన్న భాగాన్ని మాత్రమే తీశారు, చంకలోని గ్రంథులకు పాకలేదు, కీమో అవసరం లేదన్నారు. మూడు వారాల్లో 15 సార్లు రేడియేషన్ ఇచ్చారు. హార్మోన్ ప్రభావాన్ని అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్రలు 5 ఏళ్లు వాడాలి. రాత్రుళ్లు ఒళ్లంతా ఆవిర్లు వస్తాయి. అన్నిటికన్నా చెయ్యి బిగుసుకుపోవడమే ఎక్కువ బాధించింది. గోడ మీద వేళ్లను పైకి పాకిస్తూ రెండు నెలలు సాధన చేశాకే మళ్లీ పనిలో చేరగలిగాను.

మన ప్రభుత్వ కార్యక్రమంలో 30 నుంచి 65 ఏళ్లవారికి అయిదేళ్లకోసారి చేతితో చేసే పరీక్ష ఉంది. మామోగ్రామ్ ఎవరికి వారు చేయించుకోవలసిందే. అందుకే మా విభాగంలోని నలభై దాటిన నలుగురికీ, మొహమాటం ఉండకూడదని, వేరే సెంటర్‌లో తేదీలు తీసుకున్నాను. ముగ్గురు వెళ్లి వచ్చారు. నాలుగో ఆమెది వచ్చే మంగళవారం. ఆరోజు ఆమె డ్యూటీ నేను చేస్తున్నాను.