సైకిల్ దారికి రంగు ఒక్కటే చాలదు

రోడ్డు అంచున ఆకుపచ్చ రంగు పూసి, సైకిల్ బొమ్మ వేస్తే సైకిల్ దారి అయిపోదు. హ్యాండిల్ వెడల్పు 60, 70 సెంటీమీటర్లే. కానీ తొక్కేటప్పుడు బండి అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి మనిషికి మీటరు జాగా కావాలి, ఒకరినొకరు దాటాలంటే 2 మీటర్లు. ఆ దారిని ఆపి ఉంచిన కార్లను ఆనుకుని గీస్తే, తెరుచుకునే తలుపే దాదాపు మీటరు మింగేస్తుంది.

డ్రెయిన్ మూత చూడండి. కమ్మీలు మనం వెళ్లే దిశలోనే ఉంటే సన్నటి చక్రం సందులో దిగబడి మనిషి ముందుకు ఎగిరి పడతాడు. అవే కమ్మీలు అడ్డంగా ఉంటే ఆ ప్రమాదమే లేదు. ఇంత చిన్న విషయం డ్రాయింగ్‌లో రాసేవాళ్లు లేకపోవడం బాధ కలిగిస్తుంది.

అసలు పరీక్ష కూడలి. దారంతా బాగా వేసి, సరిగ్గా అక్కడికొచ్చేసరికి వదిలేస్తారు. పక్కకు తిరిగే రోడ్డు దగ్గర సైకిళ్లు దాటే గీతను సుమారు 5 మీటర్లు, అంటే ఒక కారు పట్టేంత, ఆ పక్క రోడ్డు లోపలికి జరపాలి. అప్పుడు కారు మలుపు తిరిగాక డ్రైవరుకు సైకిల్ ఎదురుగానే కనిపిస్తుంది, అద్దంలో వెతుక్కోనక్కర్లేదు. మూల మలుపు కూడా బిగుతుగా ఉండాలి, విశాలంగా ఉంటే కారు వేగం తగ్గదు.

ఈ లెక్కలు తెలిసిన ట్రాఫిక్ ఇంజనీరు డ్రాయింగ్ మీద సంతకం పెట్టేముందు ఆ రోడ్డు మీద ఒకసారి వానలో, ఒకసారి రాత్రిపూట సైకిల్ తొక్కి చూడాలి.