బడికి రాసిచ్చిన పొలం కౌలు: గడువు దగ్గరే చిక్కు

"ఇది గుడి మాన్యం కాదు, బడికి రాసిచ్చిన పొలం. దేవాదాయ శాఖకి ఏం పని?" నెల్లూరు వైపు పాతకాలపు విద్యా ధర్మాదాయాల గురించి ఈ మాట వినపడుతూనే ఉంటుంది. శాఖ పేరులో 'ధర్మాదాయ' అన్న ముక్క ఊరికే లేదు. 1987 నాటి 30వ చట్టం, అంటే దేవాదాయ ధర్మాదాయ చట్టం, ధార్మిక ప్రయోజనాల్లో విద్యనూ చేర్చింది. సంస్థ రిజిస్టర్ కాకపోయినా చట్టం వర్తిస్తుంది. కాబట్టి కౌలుకి ఇచ్చేవారైనా, తీసుకునేవారైనా ముందు చూడాల్సినవి మూడు: దాత రాసిన దస్తావేజు, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22ఎ నిషేధిత జాబితా, ఊరి సాగు లెక్కల పుస్తకమైన అడంగల్‌లో పేరు. అడంగల్‌లో ట్రస్టు బదులు ఒక ధర్మకర్త సొంత పేరుంటే దాన్ని సరిచేయించాకే కౌలు వేలం పాట పెట్టాలి. లేకపోతే రేపు ఆయన వారసులు వచ్చి పొలం మాదంటారు.

శాఖ పరిధిలోని పొలమైతే ఆ చట్టం 82వ సెక్షన్ చదవకుండా సంతకం పెట్టకూడదు. సొంతం, కౌలు కలిపి మాగాణి 2.5 ఎకరాలు, మెట్ట అయితే 5 ఎకరాలు మించని పేద రైతుకి అందులో ప్రత్యేక రక్షణ ఉంది. ఆదాయ పరిమితి కూడా చూస్తారు. మిగతావారు బహిరంగ వేలంలో పాడుకోవాల్సిందే. ధర్మకర్త బావమరిదికి పాత రేటుకే కట్టబెట్టడం కుదరదు.

అసలు గొడవ గడువు దగ్గర వస్తుంది. ఈ కౌళ్లు ఫసలీ లెక్కన నడుస్తాయి. 1435 ఫసలీ అంటే 2025 జూలై 1 నుంచి 2026 జూన్ 30 వరకు. పెన్నా డెల్టాలో పెద్ద పంట మార్చి, ఏప్రిల్‌కల్లా ఇంటికొస్తుంది. కానీ సోమశిల నీళ్లు వదిలితే రెండో పంటగా ఎడగారు వరి నాటుతారు. జూన్ 30 నాటికి ఆ పైరు ఇంకా కయ్యలోనే ఉంటుంది. కొత్త పాటదారు దమ్ముకి ట్రాక్టరు తెస్తాడు, పాతవాడు కోత అయ్యేదాకా కదలనంటాడు. అందుకే ఎడగారు వేయొచ్చో లేదో, వేస్తే కోతదాకా అదనపు కౌలు ఎంతో పాటకు ముందే షరతుల్లో రాసి చదివి వినిపించాలి. జూలైలో పాట పెట్టడం తెలిసి తెలిసి తగాదా పెట్టుకోవడమే.

కౌలు గింజల్లో రాస్తే పుట్టి అంటే 850 కిలోలని స్పష్టంగా ఉండాలి. తేమ, తరుగు ఎవరి ఖాతాలోనో, డబ్బుగా కడితే ఏ తేదీ ధరో కూడా రాయాలి. 2025-26 సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకి 2,369 రూపాయలు. ఆ లెక్కన పుట్టి సుమారు 20,136 అవుతుంది. బజారు ధర ఇంతకన్నా పడిపోయిన ఏడాది, ఏ ధరో రాయని కాగితం ఎవరికీ అక్కరకు రాదు.

ఏడాది దాటిన కౌలు తప్పక రిజిస్టర్ చేయించాలి. మూడేళ్లకని స్టాంపు కాగితం మీద రాసుకుని బీరువాలో పెట్టుకుంటే, ఆ మూడేళ్ల గడువుకి అది కోర్టులో రుజువుగా నిలబడదు.

ప్రకాశం మెట్టలో జామాయిల్, సుబాబుల్ సంగతి వేరే చెప్పాలి. నాటిన ఏడాదిలో కోతకి రావు, నరికినా మోడు మళ్లీ చిగురేస్తుంది. ఏడాది కౌలుకిచ్చి ఇవి నాటనిస్తే పొలం చేతికి రావడం కష్టం. వద్దనుకుంటే కాగితంలోనే నిషేధించాలి. ఒప్పుకుంటే మోళ్లు పెకలించే ఖర్చుకి తగ్గ ధరావతు ముందే పట్టుకోవాలి. రొయ్యల గుంటలకైతే నా మాట ఒక్కటే, ఇవ్వొద్దు. ఉప్పు తేరిన నేల మళ్లీ వరికి రావడానికి ఏళ్లు పడుతుంది, అంత నష్టానికి సరిపడే ధరావతు ఎవరూ కట్టరు.

ఇక కౌలుదారు పంట సాగుదారు హక్కుల కార్డు అడిగితే భయపడక్కర్లేదు. 2019 చట్టం ప్రకారం ఆ ఒప్పందం 11 నెలలకే. దానివల్ల పంట రుణం, బీమా లాంటివి అందుతాయి గానీ భూమి మీద హక్కు రాదు.