ఇత్తడి పాము, రొయ్యల చెరువు

ఆదివారం ఆరాధనలో కూర్చుని, ఫోను తీసి రొయ్యల 30 కౌంటు (కిలోకి 30 తూగేవి) రేటు చూశాను. పక్కనున్న మామ్మ మోచేత్తో పొడిచింది. "ఏరా, అదేం ప్రార్థన?" అంది గొంతు తగ్గించి.

మాది నరసాపురం పక్క ఊరు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్‌లతో మొదలైన గోదావరి డెల్టా మిషన్ మా వైపుదే. చిన్నప్పుడు సండే స్కూల్లో విగ్రహాలంటే బైబిల్లోని పరాయి దేవుళ్లు బయలు, దాగోను. ఎవరో పాతకాలం వాళ్ల గొడవ. పొరుగింటి పూజగది వైపు చూసి, మనం తప్పించుకున్నాంలే అనుకోవడం కూడా ఉండేది, ఒప్పుకోవాలి.

నన్ను పట్టేసింది బైబిల్లో 2 రాజులు 18:4. పాము కాటు తిన్నవాళ్లు చూసి బతకడానికి, దేవుడు చెబితేనే మోషే చేసిన ఇత్తడి సర్పం కథ అది. వందల ఏళ్ల తర్వాత జనం దానికే ధూపం వేస్తుంటే యూదా రాజు హిజ్కియా ముక్కలు చేశాడు. బయలు పరాయివాడు. ఇదేమో సొంతింటి వస్తువు!

మా రొయ్యల చెరువూ అంతే. అప్పులు తీర్చింది, చెల్లి పెళ్లి చేసింది. దేవుడిచ్చిందే. ఇప్పుడు రాత్రి రెండింటికి లేచి, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరుగుతున్నాయా అని చెవులు రిక్కిస్తాను. తెల్లారి ప్రార్థనకు మాత్రం నిద్ర ముంచుకొస్తుంది. కొలొస్సయులకు రాస్తూ పౌలు ధనాపేక్షే విగ్రహారాధన అనేశాడు, డొంకతిరుగుడు లేకుండా.

చెరువు పూడ్చలేదు లెండి, అంత హిజ్కియాని కాను. ఆదివారం ఫోను మామ్మ సంచిలో వేస్తున్నాను. మొన్న వానకి కరెంటు పోయింది. పాట మధ్యలో నా చెవులు జనరేటర్ చప్పుడు కోసమే వెతికాయి.