వూహాన్‌లో నా మొదటి నెలన్నర: పేరు దగ్గరే అంతా ఆగిపోయింది

నిన్న సాయంత్రం బ్యాంకు పని తేలింది. కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను. ఆలస్యం చేస్తే సగం మర్చిపోతాను, నా తర్వాత వచ్చేవాళ్ళు కూడా ఇలాగే అవస్థ పడతారు.

గుంటూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పదకొండేళ్ళు ప్రోగ్రామింగ్ చెప్పాను. 2025 ఆగస్టు చివర్లో, అదే సబ్జెక్టు ఇంగ్లిష్‌లో చెప్పడానికి వూహాన్‌లోని ఒక కాలేజీకి వచ్చాను. నేను వచ్చేటప్పటికి మన దేశం నుంచి చైనాకి నేరుగా విమానాలు మళ్ళీ మొదలవలేదు. హాంకాంగ్‌లో మారాను.

కాగితాల పని అనుకున్నంత కష్టం కాలేదు. 2023 నవంబరు 7 నుంచి చైనా అపోస్టిల్‌ని (ఎంబసీ ముద్ర అవసరం లేకుండా చేసే ప్రభుత్వ ధ్రువీకరణని) ఒప్పుకుంటోంది, కానీ మన దేశానికీ చైనాకీ మధ్య అది వర్తించదు, అందుకని డిగ్రీ మీద వాళ్ళ ఎంబసీ ముద్ర వేయించుకోవాల్సిందే. డిగ్రీకి ముందు రాష్ట్ర ప్రభుత్వం అటెస్టేషన్, ఆ తర్వాత మన విదేశాంగ శాఖ అటెస్టేషన్, చివర్లో చైనా ఎంబసీ ముద్ర. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ ఆఫీసు వాళ్ళే ఇస్తారు. కాలేజీ పంపిన వర్క్ పర్మిట్ నోటిఫికేషన్ పట్టుకుని ఢిల్లీ వెళ్ళి, వేలిముద్రలిచ్చి జెడ్ వీసా (ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి ఇచ్చేది) తీసుకున్నాను.

అమీర్‌పేటలో ఒక ఏజెంటుకి మాత్రం డబ్బు అనవసరంగా పోశాను. నా డిగ్రీలో ఇంటిపేరుకి ఒక్క అక్షరమే ఉంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంది. "ఏం ఫర్లేదు మేడమ్, అందరికీ అలాగే ఉంటుంది" అన్నాడు. ఫర్లేదు అన్నదే కొంప ముంచింది. ఈ డిగ్రీ మీదేనా అని ఇక్కడి కాలేజీ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది. రెండు పేర్లూ ఒకరివే అని అఫిడవిట్ చేయించి, దానికీ ఆ ముద్రలన్నీ వేయించి పంపేసరికి మూడు వారాలు పట్టింది. దయచేసి ఏజెంట్ల మాట నమ్మకండి. మీ కాగితాలన్నీ పక్కపక్కన పెట్టుకుని, పేరు అక్షరం అక్షరం మీరే చూసుకోండి.

దిగాక 24 గంటల్లోపు పోలీసు స్టేషన్‌లో ఎక్కడ ఉంటున్నామో నమోదు చేయించుకోవాలి. హోటల్లో దిగితే వాళ్ళే చేస్తారు, క్వార్టర్స్‌లో దిగితే మనమే వెళ్ళాలి. వెళ్ళకపోతే 2000 యువాన్ల దాకా జరిమానా వేయొచ్చు. మెడికల్‌కి పరగడుపున వెళ్ళాలి. రక్తం, ఈసీజీ, ఛాతీ ఎక్స్‌రే, అన్నీ గంటన్నరలో అయిపోయాయి. ఇంత పద్ధతిగా మన దగ్గర ఎప్పుడు చేస్తారో! తర్వాత, వచ్చిన 30 రోజుల్లోపు నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి. అందుకోసం పాస్‌పోర్టు ఇచ్చేస్తే చేతికి ఒక రసీదు ఇస్తారు.

ఇక బ్యాంకు. జీతం పడాలంటే ఇక్కడి ఖాతా ఉండాలి. నన్ను పంపిన బ్రాంచిలో, నివాస అనుమతి అంటించిన పాస్‌పోర్టు వచ్చాకే రమ్మన్నారు. అది సెప్టెంబరు చివరి వారంలో వచ్చింది. వెళ్ళాను. కౌంటర్ దగ్గరున్న అమ్మాయి నా పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పింది. ఇంటిపేరు ఒక గడిలో, మిగతా మూడు మాటలు ఇంకో గడిలో, మొత్తం కలిపితే ఇంగ్లిష్‌లో 31 అక్షరాలు. కొట్టింది, చెరిపింది, మళ్ళీ కొట్టింది. నా ఫోన్ నంబరు ఎవరి పేరు మీద ఉందో చూసింది. సిమ్ అమ్మిన కుర్రాడు ఇంటిపేరు చివర పెట్టి, ఖాళీలు లేకుండా ఒకే ముక్కగా కొట్టాడు. ఈమె ఇంటిపేరు ముందు పెట్టింది. కంప్యూటర్ రెండింటినీ ఒక మనిషిగా ఒప్పుకోలేదు.

ఆ అమ్మాయి ఫోన్‌లో అనువాదం యాప్‌లో ఏదో చెప్పి, నా ముందు పెట్టింది. అది గట్టిగా ఇంగ్లిష్‌లో పలికింది: "మీ పేరు నిజమైనది కాదు." వెనక లైన్‌లో ఉన్నవాళ్ళందరూ నా వైపు చూశారు. పక్కన కూర్చోమన్నారు. మేనేజరు వచ్చి, నా పాస్‌పోర్టు పైకెత్తి ఇంకొకాయనకి చూపించి నవ్వాడు. గంటా ఇరవై నిమిషాలు అక్కడే కూర్చున్నాను. మా నాన్న పెట్టిన పేరు అది. పదకొండేళ్ళలో ఒక్క రోజు క్లాసుకి ఆలస్యంగా వెళ్ళని మనిషిని నేను. అక్కడ మాత్రం దొంగ కాగితాలతో దొరికిపోయినదానిలా తల దించుకుని కూర్చున్నాను. కన్నీళ్ళు ఆపుకోవడానికి నీళ్ళ సీసా తీసి తాగుతూనే ఉన్నాను.

మర్నాడు సిమ్ షాపుకి వెళితే, పేరు మార్చడం తమ చేతిలో లేదు, కంపెనీ పెద్ద ఆఫీసుకే వెళ్ళాలన్నారు. అంతలో అక్టోబరు 1 నుంచి 8 దాకా జాతీయ దినోత్సవం సెలవులు వచ్చాయి. నాకు సాయం చేస్తున్న కాలేజీ అమ్మాయి ఊరెళ్ళిపోయింది. ఆ వారమంతా అలీపేకి (ఫోన్‌తో డబ్బు కట్టే ఇక్కడి యాప్‌కి) కలిపిన మన దేశం క్రెడిట్ కార్డుతోనే గడిపాను. 200 యువాన్లు దాటిన ప్రతి చెల్లింపు మీదా 3 శాతం అదనంగా తీసుకుంటారు, అందుకని సరుకులు కొంచెం కొంచెంగా కొనుక్కున్నాను. బయలుదేరేముందే మీ కార్డుని విదేశాల్లో వాడేలా ఆన్ చేయించుకోండి, మన సిమ్‌కి రోమింగ్ పెట్టుకోండి. ఓటీపీ రాకపోతే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

సెలవులయ్యాక ఆ అమ్మాయి నాతో పాటు ఫోన్ ఆఫీసుకి వచ్చింది. పాస్‌పోర్టులో కింద బాణం గుర్తులతో రెండు వరుసలు ఉంటాయి కదా, అందులో పై వరుసలో ఉన్న క్రమంలోనే పేరు కొట్టించింది. ఆ కాగితం ఫోటో తీసుకుని నేరుగా బ్యాంకుకి వెళ్ళాం. ఆ కౌంటర్ దగ్గరే, ఆ మేనేజరు ముందే, "ఈమె మా లావ్‌షీ" అంది. లావ్‌షీ అంటే టీచరు. ఇరవై రెండేళ్ళ పిల్ల నాకోసం అలా గొంతెత్తి మాట్లాడింది. పావుగంటలో కార్డు చేతికొచ్చింది.

కొత్తగా వచ్చేవాళ్ళు సిమ్ కొనేటప్పుడే ఆ పై వరుస చూపించండి, వాళ్ళు కొట్టింది చదివాకే సంతకం పెట్టండి. ఒంటరిగా బ్యాంకుకి వెళ్ళకండి, కాలేజీ నుంచి మనిషిని అడగండి. మొహమాటపడి నేను అడగలేదు.

కార్డు మీద నా పేరు పూర్తిగా పట్టలేదు, చివరి నాలుగు అక్షరాలు పోయాయి. ఖాతాలో మాత్రం 31 అక్షరాలూ ఉన్నాయి. ఇంటికి రాగానే ఖాతాలో నా పేరున్న పేజీ ఫోటో తీసి నాన్నకి పంపాను.